అంకుల్‌కి నేనెంచిన రూట్లు

ఆ కొండ ఎలా దిగాలో నాకు మొదటినుంచీ తెలుసు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ముగ్గురు ఆడపిల్లలు ఒకే గదిలో పడుకునే చోట డైరీ ఒక్కరిదే అయ్యుండదు.

కొండంటే నిజం కొండ కాదు. కంప్యూటర్లో రైలు నడిపే ఆటలోది. నడిపింది కెనడాలో, బ్రాంప్టన్ అనే ఊళ్లో మేం అద్దెకున్న ఇంటి యజమాని. ఆయన్ని అంకుల్ అనేవాళ్లం. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా చేతికి 'ఆయన' అనే వస్తోంది. కోపం ఎంతున్నా ఈ మర్యాద మాత్రం పోదు.

మేం చదువుకి వచ్చింది అందరూ వచ్చిన ఏడాది. క్లాసులో పాఠం చెప్పే ఆవిడ తప్ప అందరూ మనవైపు వాళ్లే. బస్సులో నిలబడి ఫోన్లో అమ్మతో తెలుగులో మాట్లాడితే ముందు సీట్లలోంచి ఇద్దరో ముగ్గురో వెనక్కి తిరిగి చూసేవారు. ఇల్లు దొరకడం కష్టంగా ఉన్న రోజులు. వాట్సాప్ గ్రూపులో 'తెలుగు ఫ్యామిలీ, బేస్‌మెంట్, తెలుగు అమ్మాయిలకి మాత్రమే' అని చూసి, ఇంట్లో వాళ్లకి ధైర్యంగా ఉంటుందని చేరిపోయాం. ఒకరిది గుంటూరు, ఒకరిది కరీంనగర్, నాది నంద్యాల. అంకుల్‌ది హైదరాబాద్. అమెరికాలో కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ చేసి, అక్కడ గ్రీన్‌కార్డ్ రాక ఇటు వచ్చారు.

బేస్‌మెంట్‌లో సగమే మాది. రెండో సగం అంకుల్ ట్రైన్ రూమ్. లోపల మూడు తెరలు, రైలింజన్లో ఉండేలాంటి హ్యాండిళ్లు, తిరిగే కుర్చీ, గోడకి బొమ్మ సిగ్నల్. ఆ గదికి తాళం. తాళం వెనక, మా మూడు ప్రాణాలకి సంబంధించిన వస్తువు ఒకటుంది: బేస్‌మెంట్ హీటర్‌ని తిప్పే నాబ్. పై ఇంటికి గ్యాస్ హీటింగ్. కిందకి విడిగా కరెంటు హీటర్లు పెట్టించి, వాటి నాబ్ తన గదిలో బిగించుకున్నారు. సాయంత్రం ఆఫీసు పని అయ్యాక ఆయన కిందకి వచ్చి రైలు నడుపుకునేటప్పుడు నాబ్ తిప్పుతారు. గోడ పొడుగునా ఉన్న హీటర్లు టిక్కుటిక్కుమంటాయి. మా గది కూడా వేడెక్కుతుంది. ఆట అయిపోయాక నాబ్ వెనక్కి తిప్పి, తాళం వేసుకుని, మెట్లెక్కి వెళ్లిపోతారు. మెట్లెక్కుతున్న ఆయన వంటిమీద ఉండేది పొట్టి చేతుల బనీను.

మొదటి మంచు పడ్డాక అడిగాం. అడిగింది గుంటూరు అమ్మాయి. నేను దాని వెనక నిలబడ్డాను.

"అంకుల్, కొంచెం హీటర్ ఆన్‌లో ఉంచుతారా? కాళ్లు కొయ్యబారిపోతున్నాయి."

"అది ఎలక్ట్రిక్ హీటరమ్మా. మనిషి లేకుండా వదిలేస్తే ఫైర్ హజార్డ్."

"మేం ఉంటాం కదంకుల్, మనుషులం."

"మేం వచ్చిన కొత్తలో నలుగురికి ఒకటే జాకెట్. ఎవడు బయటికెళ్తే వాడేసుకునేవాడు. మీ జనరేషన్‌కి అన్నీ రెడీమేడ్‌గా కావాలి." నవ్వుతూనే అన్నారు. ఆయన ఏదైనా నవ్వుతూనే అనేవారు.

చిన్న హీటర్ ఒకటి తెచ్చుకుని పెట్టుకుంటే ఫ్యూజు పోయి పైన టీవీ ఆగిపోయింది. దాన్ని గరాజ్‌లో పెట్టించేశారు. కంప్లైంట్ ఇవ్వొచ్చని కాలేజీలో ఎవరో చెప్పారు. ఇస్తే ఆ బేస్‌మెంట్ అద్దెకే ఇవ్వకూడదని తేలుతుందని, సామాన్లతో ముందు రోడ్డు మీద పడేది మేమేనని కూడా వాళ్లే చెప్పారు.

నా కష్టం ఇంకొకటుంది. నాకు చదవకుండా నిద్ర పట్టదు. ఫోన్లో తెలుగు పుస్తకాలు పెట్టుకుని దుప్పట్లో దూరి చదువుకునేదాన్ని. గ్లౌజులు వేసుకుంటే తెర మీద పేజీ తిరగదు. తీస్తే వేళ్లు వంగవు. కొన్నాళ్లు ముక్కుతో తిప్పాను. నవ్వకండి. నవలలో మంచి ఘట్టం వచ్చినప్పుడు ముక్కు ఆనించి పేజీ తిప్పుకునే మనిషికి, పైన బనీనుతో తిరిగే మనిషి మీద ఎలాంటి కోపం వస్తుందో ఊహించుకోండి.

బట్టలుతికే మెషీన్ రెండు గదులకీ మధ్యనున్న సందులో ఉండేది. ఒక సాయంత్రం నా బట్టల కోసం కాచుకుని ఉంటే, అంకుల్ విసుక్కుంటూ బయటికి వచ్చారు.

"హాఫెనవర్‌లో అయిపోయింది. దీనికి మళ్లీ ప్రీమియం రూట్ అని పేరు."

నాకు నేనుగా ఎవరితోనూ మాట కలిపే అలవాటు లేదు. ఆ రోజు నాచేత మాట్లాడించింది నా పాదాలు.

"స్టేషన్ స్టేషన్‌కీ ఆగడం వినపడింది, అది లోకల్ ట్రైన్ రూటంకుల్. అందుకే చిన్నది."

ఆయన ఆగి, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. "నీకెలా తెలుసు?"

"హాస్టల్లో ఆడేదాన్ని."

"ట్రైన్లా? నువ్వా?" పెద్దగా నవ్వారు. "సరే, మరి ఏది కొనమంటావ్, డ్రైవరమ్మా?"

ఇంజనీరింగ్ నాలుగేళ్లూ నేను ఆడిన ఆట అదొక్కటే. రైలు డ్రైవరు ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అందుకే నచ్చింది. అప్పట్లో నా దగ్గర పాత వెర్షన్ ఉండేది, దానికి ఉచితంగా దొరికే రూట్లు దించుకునేదాన్ని. ఆటతోపాటు వచ్చేవి ఏవో రెండు మూడే. ఊళ్లు, పట్టాలు, సిగ్నళ్లు, వంతెనలు, వాతావరణం అన్నీ కలిపి ఎక్కడో ఒకచోటిది తయారుచేసి అమ్ముతారు, దాన్నే రూటంటారు. మంచి రూటు ఎంచుకోవడం మంచి పుస్తకం ఎంచుకోవడం లాంటిదే. అట్ట మీద బొమ్మని నమ్మకూడదు. లోపల ఏం జరుగుతుందో, ఎంతసేపు కూర్చోబెడుతుందో చూడాలి.

నాకు కావాల్సింది కూర్చోబెట్టేది. మైదానాల్లో పొడుగ్గా సాగే గూడ్సు రూటు ఒకటి చెప్పాను. ఆ సాయంత్రం హీటరు భోజనాలయ్యాక కూడా టిక్కుటిక్కుమంటూనే ఉంది. కరీంనగర్ అమ్మాయి సాక్సులు విప్పి, కాలివేళ్లు ఆడించుకుంటూ అంది: "ఏమైందే గీయనకు? పైకి పోతలేడు?"

నేను పుస్తకంలోంచి తలెత్తలేదు.

తర్వాత్తర్వాత నాకు చేయి తిరిగింది. ఒంటి లైను రూట్లు మంచివి. ఎదురు రైలు వచ్చి దాటేదాకా పక్క లైన్లో కాచుకుని కూర్చోవాలి, లేచి పోవడానికి ఉండదు. రూట్లో మనకిచ్చే ఒక్కో పనిని సినారియో అంటారు; మధ్యలో ఆపేస్తే స్కోరు పోయే సినారియోలు ఇంకా మంచివి, అంకుల్‌కి స్కోరంటే ప్రాణం. అన్నిటికంటే గొప్ప సంగతి నాకు అనుకోకుండా తెలిసింది. ఒకసారి మంచు కురిసే రూటు చెప్పాను. తెర మీద మంచు చూసి ఆయనకి చలేసినట్టుంది, నాబ్ ఇంకొంచెం తిప్పారు. ఆ సాయంత్రం మేం ఫ్యాన్ కావాలనుకున్నాం. ఆ తర్వాత నేను చెప్పిన ప్రతి రూట్లోనూ మంచు ఉంది. ధర చూడకుండా కొనేవారు. మా కాళ్లకి లేని కరెంటు, ఆయన బొమ్మ రైళ్లకి ఎంతైనా ఉండేది.

ఇంతవరకూ అది బతకడం కోసమే. పగ తర్వాత వచ్చింది.

జనవరిలో కరీంనగర్ అమ్మాయికి జ్వరం పట్టుకుంది. వేర్‌హౌస్ షిఫ్టుకి వెళ్లొచ్చి, తడి బూట్లతో బస్టాపులో నిలబడి, మళ్లీ ఆ చల్లటి గదిలోకే రావడం. జ్వరం తగ్గినా దగ్గు తగ్గలేదు. లోపల్నించి పీకేసే దగ్గు. అది మళ్లీ అడగడానికి పోయింది, ఈసారి తనే. మేమిద్దరం వెంట వెళ్లాం.

"అంకుల్, డాక్టర్ ఎచ్చగుండాలన్నడు. గీ వారం రోజులు జర హీటర్ ఉంచుండ్రి. మీకు దండం పెడ్త."

అంకుల్ ముఖంలో చాలా బాధ కనిపించింది. "నేనే నీతో మాట్లాడదామనుకుంటున్నానమ్మా. ఈ దగ్గు ఉంది చూడూ, గోడలోంచి వినపడుతోంది. నేను పెట్టుకున్న స్పీకర్లు చాలా సెన్సిటివ్. ఇంజన్ సౌండ్‌లో నీ దగ్గు కలిసిపోతోంది. కాన్సంట్రేషన్ ఉండట్లేదు." ఆగి, నవ్వి, "కిచెనర్‌లో మీ అక్క ఉందన్నావు కదా? తగ్గేదాకా అక్కడికెళ్లు. నీకూ రెస్టు."

తగ్గేదాకా అన్నారు కానీ, ఆ వారాంతానికే దాని మంచం కోసం వేరే అమ్మాయి వచ్చి చూసి వెళ్లింది.

కిచెనర్ ఊరి బస్సు ఎక్కించడానికి నేను వెళ్లాను. సూట్‌కేసు చక్రాలు మంచులో తిరగక, ఇద్దరం చెరోవైపు పట్టుకుని మోశాం. అది దగ్గుతూనే నవ్వింది. "నా దగ్గు ఇంజన్ సౌండంటనే. నాకు గింత హార్స్‌పవర్ ఉన్నదని మా అమ్మకు చెప్పాలె." నాకు నవ్వు రాలేదు. దారిలో అనాల్సిన మాటలన్నీ తిరుగు బస్సులో గుర్తొచ్చాయి. అంకుల్‌తో అనాల్సినవి అంతకంటే ఎక్కువ గుర్తొచ్చాయి. ఒక్కటీ నా నోట రాదని నాకు తెలుసు. ఇంటికొచ్చేసరికి హీటరు టిక్కుటిక్కుమంటోంది. నేను చెప్పిన రూట్లోనే, నేను చెప్పిన మంచులోనే, ఆయన రైలు నడుపుకుంటున్నారు. ఆ వెచ్చదనంలో కూర్చుని, కడుపు నిండా పగ పట్టాను.

అవకాశం ఆయనే ఇచ్చారు. పండక్కో పుట్టినరోజుకో కాదు, ఉత్తినే, తన ట్రైన్ రూమ్ చూపించడానికి ఒక ఆదివారం స్నేహితుల్ని కుటుంబాలతో పిలిచారు. రెండ్రోజుల ముందు సందులో నన్ను పట్టుకున్నారు.

"అమ్మాయ్, అదిరిపోయే రూట్ ఒకటి చెప్పు. సీనరీ ఉండాలి. చూసినవాళ్లు నోరు తెరవాలి."

"కొండలుంటే ఫర్వాలేదాంకుల్?"

"కొండలే కావాలి!"

ఈ దేశపు పడమటి కొండల్లో ఒక రూటుంది. పాత వెర్షన్‌లో అది ఉచితంగా దొరికేది. హాస్టల్లో నేను ఎన్నిసార్లు ఆడానో లెక్కలేదు. నిజం చెప్పాలంటే నేను కెనడాకి అప్లై చేసింది ఆ కొండల్ని చూసి. వచ్చి దిగింది వేర్‌హౌసుల మధ్య. ఆ రూట్లో ధాన్యంతో నిండిన గూడ్సు రైలుని మంచులో కొండ మీంచి లోయలోకి దించే సినారియో ఒకటుంది. చూడ్డానికి నిజంగానే నోరు తెరుచుకుంటుంది. దించడమే కష్టం.

అది దిగాలంటే తెలియాల్సింది ఒక్కటే. రైలు బ్రేకు గాలితో పనిచేస్తుంది. పట్టి వదిలి, పట్టి వదిలి చేస్తే గొట్టాల్లో గాలి అయిపోతుంది, మళ్లీ నిండటానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా బరువు రైలుని లాక్కుపోతుంది. అందుకని కొండ అంచున ఉండగానే, మనిషి నడక కంటే కాస్త ఎక్కువ వేగంలో, బ్రేకు కొంచెం పట్టి, లోయ వచ్చేదాకా వదలకూడదు. అంతే. అంకుల్ ఎలా బ్రేకు వేస్తారో చలికాలమంతా గోడ ఇవతలనుంచి విన్నాను. బుస్సుమని పడుతుంది. వెంటనే వదులుతారు. మళ్లీ బుస్సు. మైదానాల్లో ఆ అలవాటు చెల్లిపోయింది.

రూటు పేరు చెప్పాను. "కొంచెం కష్టమంకుల్" అని కూడా చెప్పాను. ఆ మాట అంటే తప్పకుండా కొంటారని తెలిసే చెప్పాను.

ఆదివారం అంకుల్ వాళ్లావిడ, ఆంటీ, మమ్మల్ని మిర్చి బజ్జీలు అందించడానికి పిలిచారు. ట్రైన్ రూమ్‌లో ముందు వరసలో అంకుల్‌లు, వెనక ఆంటీలు, నేల మీద పిల్లలు. నేను పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. నాబ్ నా భుజం పక్కనే ఉంది. అంత దగ్గరగా దాన్నెప్పుడూ చూడలేదు.

"ఈ రూట్లన్నీ ఎలా పట్టుకుంటావు బావా?" అడిగారు ఒకాయన.

"అదొక సెన్స్. లిస్ట్ చూస్తుంటే నాకే తెలిసిపోతుంది." బజ్జీ తీసుకుంటూ నన్ను చూశారు. "ఈ పిల్ల కూడా ఆడుతుందట. కానీ నోట్లోంచి మాట ఊడిపడదు. బేస్‌మెంట్‌లో ఉందో లేదో తెలుసుకోవాలంటే అద్దె టైముకి చూడాలి." అందరూ నవ్వారు. గుంటూరు అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను కూడా నవ్వాను. నా నవ్వుకి కారణం వేరే.

రైలు కదిలింది. తెల్లటి శిఖరాలు, కింద గడ్డకట్టిన నది. నోళ్లు తెరుచుకున్నాయి. ఎవరో ఆంటీ "స్క్రీన్ సేవర్‌లా ఉందండీ" అన్నారు. కొండ అంచు వచ్చింది, దాటింది. బుస్సు. వదిలారు. బుస్సు. వదిలారు. మూడోసారి బుస్సు రాలేదు. గాలి లేదు. చెట్లు తొందరతొందరగా వెనక్కి పోవడం మొదలుపెట్టాయి. అలారం మోగింది. అంకుల్ హ్యాండిల్ని ముందుకీ వెనక్కీ లాగుతూ "ఏంటిది, ఏంటిది" అంటున్నారు. మలుపులో పెట్టెలన్నీ ఒకదానిమీద ఒకటెక్కి నదిలోకి పోయాయి.

నేలమీంచి ఒక చిన్నపాప లేచి నిలబడింది. "అంకుల్, యూ కిల్డ్ ఎవ్రీబడీ!"

"గూడ్సులో మనుషులుండరమ్మా" అన్నారు అంకుల్.

"దెన్ యూ కిల్డ్ ద డ్రైవర్. దట్స్ యూ."

ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. "బావా, రేపు నన్ను ఎయిర్‌పోర్టులో దించుతానన్నావు, నేను ఊబర్ బుక్ చేసుకుంటా" అన్నారు ఇందాకటాయన. అంకుల్ మొదటినుంచి పెట్టారు. మళ్లీ నది. ఇంకోసారి. మళ్లీ నది. ఆంటీ భోజనాలకి రమ్మని పైనుంచి పిలిస్తే అందరూ మెట్లెక్కి వెళ్లిపోయారు. అంకుల్ మాత్రం లేవలేదు. వెనక్కి తిరిగి ఎవరున్నారో చూశారు. పళ్లెంతో నేను.

"ఇది బగ్గు కదమ్మా?"

"అయ్యుంటుందంకుల్."

"నువ్వెప్పుడైనా దిగావా ఇది?"

"లేదంకుల్. అంతదూరం ఎప్పుడూ పోలేదు."

జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో అంత తియ్యటిది లేదు.

ఆ రోజునుంచీ ఆయన వేరే రూటు ముట్టలేదు. స్నేహితుల గ్రూపులో ఎవరో ఒకరు రోజూ అడిగేవారట, కొండ దిగావా బావా అని. ఆంటీయే చెప్పి నవ్వారు. వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లంటే ఆయనకి చులకన. ఆట తయారుచేసినవాళ్లకి బగ్గుందని మెయిల్ పెట్టారు. ఆఫీసు పని కాగానే మెట్లు దిగి వచ్చేవారు, మంచు చూసి నాబ్ తిప్పేవారు, బుస్సు, బుస్సు, అలారం, నది. శనాదివారాలు మధ్యాహ్నం నుంచే. మా గది ఎప్పుడూ లేనంత వెచ్చగా ఉండేది. గోడకి వీపు ఆనించి, గ్లౌజులు లేకుండా, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న కాగితప్పుస్తకాల్ని వేళ్లతో తిప్పుకుంటూ చదివాను. రైలు పడ్డ ప్రతిసారీ చదవడం ఆపి, విని, మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

పక్క మంచం మీద కొత్తమ్మాయి ఉండేది. తను వచ్చాక ఒక్కరోజు కూడా చలిలో లేదు. అది చూసినప్పుడల్లా నా పగ ఇంకొంచెం ముదిరేది. కిచెనర్ నుంచి ఫోన్ వచ్చేది. "ఈడ ఎచ్చగున్నదే. నువ్వు మంచిగున్నవా?" దగ్గు ఇంకా ఉండేది మాటల మధ్యలో. దానికి కూడా చెప్పలేదు. చెబితే నవ్వేసి, పాపం పోనీలే, చెప్పేయరాదూ అంటుంది. అది అలాంటిది. అందుకే చెప్పలేదు.

ఒకసారి అంకుల్ మా తలుపు కొట్టారు. చలికాలంలో మేం ఆయన తలుపు కొట్టినట్టే, మెల్లిగా. గడప బయట నిలబడి, "అమ్మాయ్, ఆ మలుపు ముందు ఏదైనా ట్రిక్ ఉందంటావా? ఊరికే ఆలోచించి చెప్పు" అన్నారు. ఆయన కళ్ల కింద నల్లగా ఉంది. నాకు జాలి వేస్తుందేమో అని చూసుకున్నాను. వేయలేదు.

"చలికి అలవాటు పడాలేమో అంకుల్" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నా వెనక గుంటూరు అమ్మాయి దుప్పట్లో మొహం దాచుకుంది.

ఏప్రిల్ చివర, మంచంతా కరిగాక, మేం ఇద్దరం వేరే ఇల్లు చూసుకున్నాం. అక్కడ హీటరు నాబ్ నా మంచం పక్క గోడకే ఉంది. ఇప్పటికీ నిద్రపోయే ముందు ఒకసారి ముట్టుకుని చూసుకుంటాను. కోపం తగ్గిందా అని అడిగేవాళ్లు లేరు కానీ, అడిగితే లేదనే చెబుతాను.

ఖాళీ చేసిన రోజు ఆంటీ పులిహోర డబ్బా ఇచ్చారు. సూట్‌కేసులు టాక్సీలో పెట్టాం. ఈసారి చక్రాలు బాగానే తిరిగాయి. గుంటూరు అమ్మాయి ఎక్కి కూర్చుంది. నేను ఎక్కబోతుంటే అంకుల్ డ్రైవ్‌వే చివరిదాకా వచ్చారు, అదే పొట్టి చేతుల బనీనుతో. ఏప్రిల్ గాలి ఇంకా చల్లగానే ఉంది. చేతులు కట్టుకుని, భుజాలు ముడుచుకుని నిలబడ్డారు. నవ్వలేదు. ఆయన నవ్వకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

"ఆ కొండ దిగడం నీకు వచ్చు కదమ్మా?"